నాలుగో కొమ్మ

నేను మేడ మీది గదిలోకి అడుగుపెట్టేసరికి సఫారీ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇల్లు ఆమెది, గది ఆమెది, బల్ల ఆమెది. ఆమె మాత్రం కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఒకే పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ళ తరబడి పనిచేశాం కాబట్టి అతని పద్ధతి నాకు కొత్త కాదు. ఎదుటివాళ్ళ కుర్చీ ఆక్రమించుకుంటే సగం కేసు తేలిపోయినట్టేనని అతని నమ్మకం. మిగతా సగం ఎవరో ఒకరిని పట్టుకుంటే తేలిపోతుంది.

ఎండలు మండిపోతున్నా, చలికి పళ్ళు కొట్టుకుంటున్నా ఒకే రంగు సఫారీ సూటు వేసుకుంటాడు గనక ఆ పేరు. డిపార్ట్‌మెంట్ వదిలాక అతను ఇన్సూరెన్స్ కంపెనీలో పరిశోధకుడిగా చేరాడు. నేను సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాను. అతనికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నాకు పడుకోగానే నిద్ర వస్తుంది.

"రండి మేడమ్. మీరొచ్చేలోపే పని అయిపోతుందేమో అనుకున్నాను," అన్నాడు.

"మీరు అయిపోయిందనుకున్న పనులు చాలా చూశాను లెండి," అన్నాను.

నన్ను పిలిపించింది కిటికీ దగ్గరున్న ఆమె కాదు, ఆమె అత్తగారు. కింద తలుపు తీసింది కూడా ఆవిడే. లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది. "మా కోడలు నాతో పోట్లాడుతుంది. పొయ్యి మీద ఏది పెట్టినా మాడుస్తుంది. అది మా ఇంటి గొడవ. కానీ దాన్ని దొంగ అన్నవాడి చేత, కాదు అని మళ్ళీ అదే నోటితో అనిపించాలి మీరు." కోడలి కోసం అత్తగారు డిటెక్టివ్‌ను పెట్టుకోవడం నా సర్వీసులో ఇదే మొదలు. ఆ ఒక్క మాటకే కేసు ఒప్పుకున్నాను.

సంగతి ఇదీ. ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కావాలంటే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫారమ్ నింపాలి. పేరు, ఫోన్ నంబరు, జబ్బు. ఆ వివరాలు నింపినవి నింపినట్టే మందులమ్మే కంపెనీ ఒకదానికి చేరుతున్నాయి. బయటపడిన తీరు చెబితే నవ్వు ఆపుకోలేరు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు జబ్బు అన్నచోట మొదట 'మొలలు' అని టైపు చేశాడు. చేశాక సిగ్గేసింది. అక్కడికక్కడే చెరిపేసి, 'తలనొప్పి' అని రాసి పంపాడు. మర్నాడు ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, మొలలకు మంచి లేపనం ఉందండీ, ఇంటికి పంపమంటారా అని తీయగా అడిగింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. చుట్టూ కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు. పెద్దాయన అన్నం ముందు నుంచి లేచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు.

ఆ ఫారమ్‌లో టైపు చేసేదాన్ని సరిచూసేది ఈమె రాసిన లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఒకరు రాసి పెడితే ఎందరో తమ వెబ్‌సైట్లలో తెచ్చిపెట్టుకునే కోడ్. బ్రౌజర్లో నడిచే వెబ్‌సైట్ల కోసం ఫంక్షనల్ అనే తరహా ప్రోగ్రామింగ్ భాష ఒకటి ఉందట. ఆ భాషలో రాసేవాళ్ళంతా తమ లైబ్రరీలను ఒకేచోట, అందరికీ కనబడే అరలో పెడతారు. ఈమె లైబ్రరీ ఎనిమిదేళ్ళుగా ఆ అరలో ఉంది. ఆసుపత్రికి బీమా ఇచ్చింది సఫారీ కంపెనీయే. అతను పంపిన ఫిర్యాదు చూసి ఆ అర నడిపేవాళ్ళు ఈ సాయంత్రం దాకా గడువిచ్చారు. ఈలోగా ఈమె నిర్దోషి అని తేలకపోతే లైబ్రరీకి తాళం పడుతుంది, ఈమె పోలీసుల వెంట వెళ్తుంది. పనీ పేరూ ఒకే దెబ్బతో పోతాయి.

నేను ఆమెను దొంగతనం గురించి అడగలేదు. మీ లైబ్రరీ ఏం చేస్తుందో నాలాంటి మొద్దుకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. అప్పటిదాకా ముద్దాయిలా నిలబడ్డ మనిషి ఆ ప్రశ్నకు నిటారుగా అయింది. కట్టుకున్న చేతులు విప్పుకుంది. తన పని గురించి అడిగితే ముఖం వెలగని పనిమంతులను నేను ఇంతవరకు చూడలేదు. దొంగలకూ ముఖం వెలుగుతుంది, కాకపోతే వాళ్ళు వెంటనే ఆర్పేసుకుంటారు. ఈమె ఆర్పుకోలేదు.

ఈ భాషలో ఫంక్షన్ అన్నది ఇచ్చింది పుచ్చుకుని జవాబిస్తుందట, అంతే. ఎవరికీ కబురు పంపదు, ఇంకొకరి గదిలో చెయ్యి పెట్టదు. ఉన్న విలువను దిద్దదు కూడా. మార్పు కావాలంటే కొత్తది చేసి ఇస్తుంది, పాతది పాతగానే ఉంటుంది. బయటికి ఏదైనా పంపే పని ఉంటే ఆ సంగతి ఫంక్షన్ నుదుటనే రాసి ఉండాలి. దాచడానికి భాష ఒప్పుకోదు.

"నా లైబ్రరీలో అలాంటిది ఒక్కటీ లేదండీ," అంది. "దానికి కాళ్ళు లేవు, గుమ్మం దాటలేదు. నా మాట నమ్మక్కర్లేదు. అర తెరిచే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు."

"కాళ్ళు లేనివాణ్ణి భుజాన ఎక్కించుకునేవాడు ఉంటాడు కదమ్మా," అన్నాడు సఫారీ. లైబ్రరీ శుభ్రంగానే ఉండొచ్చట. వివరాలు బయటికి పంపే దొంగ ముక్క ఉన్నది ఆసుపత్రి సొంత కోడ్‌లో, ఈ లైబ్రరీ ఇచ్చే జవాబును అందుకునే చోట. మొదట్లో ఆ ఫారమ్‌ను అమర్చి ఇచ్చింది ఈమే. ఆ కోడ్ తెరిచే తాళం ఇంకా ఈమె దగ్గరే ఉంది. అది ఆమె కూడా కాదనలేదు.

అతని ఫైలు తరువాత చూద్దాం, ముందు గది చూస్తానన్నాను. అతను చిరాకుగా గడియారం చూసుకున్నాడు.

గదిలో రెండు బల్లలున్నాయి. ఆమె బల్ల మీద రెండు తెరలు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు, సగం తాగి మరిచిపోయిన కాఫీ. రెండో బల్ల ఖాళీ. దాని మీది కీబోర్డుకు గళ్ళ గుడ్డ కప్పి ఉంది. వేలితో రాసి చూశాను. గుడ్డ మీద దుమ్ము లేదు, బల్ల మీదా లేదు. ఎవరూ కూర్చోని బల్లను ఎవరో రోజూ తుడుస్తున్నారు. అడిగితే, తమ్ముడిది అంది. రెండేళ్ళ క్రితందాకా ఇక్కడే, తన పక్కనే పనిచేసేవాడు. ఇప్పుడు వేరే ఉద్యోగం. ఎక్కడ అని అడిగితే, ఆ ఆసుపత్రిలోనే, వెబ్‌సైట్ హెడ్డు కింద అంది. సఫారీ ముఖం చూశాను. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసీ పక్కన పెట్టాడంటే పెద్ద చేపనే పట్టాననుకుంటున్నాడన్నమాట.

గోడకు వరసగా పటాలు కట్టిన కాగితాలున్నాయి. మెచ్చుకోలు ఉత్తరాలేమో అనుకుని దగ్గరికెళ్ళి చదివాను. అన్నీ తిట్లు. 'నీ కొత్త వెర్షన్ వల్ల మా టీం అంతా రెండ్రోజులు తిండి మానేసింది' అని ఒకటి. 'నీకు మనుషుల మీద జాలి లేదు' అని ఇంకొకటి.

"తిట్లకు పటం కట్టించుకున్నవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నాను," అన్నాను.

ఆమె మొదటిసారి నవ్వింది. తెర మీద తన కోడ్ తెరిచి చూపించింది. ఫారమ్‌లో ఒక గడి ఏ స్థితిలో ఉందో ఆమె లైబ్రరీ చెబుతుంది. ఇంతకుముందు మూడే స్థితులు. సరైనది, ఖాళీ, తప్పు. వాడుకునేవాళ్ళు ఒక్కో స్థితికి ఏం చేయాలో తమ కోడ్‌లో ఒక్కో కొమ్మ రాసుకుంటారు. పోయిన నెల ఆమె నాలుగో స్థితి చేర్చింది. 'టైపు అవుతున్నది.' మనిషి ఇంకా రాస్తూనే ఉన్నాడు, అప్పుడే తప్పని గద్దించకండి అని చెప్పడానికి. అంతే, వాడుకునేవాళ్ళందరి పనీ ఆగిపోయింది. కోడ్‌ను బ్రౌజర్‌కు అందించే ముందు కంపైలర్ అనే ప్రోగ్రామ్ చదువుతుంది. ఈ భాష కంపైలర్‌ది మహా చాదస్తం. నాలుగు స్థితులుంటే నాలుగు కొమ్మలూ కనబడాలి. ఒకటి మరిచిపోతే, ఫలానాచోట ఫలానాది మరిచావు అని చూపించి అక్కడే కూర్చుంటుంది. కదలదు, కదలనివ్వదు.

"తిట్టినవాళ్ళందరూ నాలుగో కొమ్మ రాసుకున్నారండీ. వెయ్యి చోట్ల మార్పు జరిగింది, ఒక్క ఫారమూ పాడవలేదు. నా లైబ్రరీ పనితనానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అందుకే పటం కట్టించాను," అంది. గర్వం ఆమెకు బాగా నప్పింది. మా అత్తగారు కట్టిన చీరలా, ఎక్కడా కుచ్చిళ్ళు జారలేదు.

నేను మాత్రం నా వృత్తికి తగ్గ ప్రశ్నే అడిగాను. ఆ చాదస్తం కళ్ళు కప్పే దారే లేదా?

ఆమె ముఖం చిట్లించింది, నేనేదో బూతు మాట అన్నట్టు. ఉందట. ఒక్కో స్థితినీ పేరు పెట్టి రాయకుండా, చివర 'తక్కినవన్నీ' అని ఒక కొమ్మ పెడితే చాలు. కంపైలర్ నోరెత్తదు. రేపు కొత్త స్థితి వచ్చి చేరినా అది కూడా తక్కినవాటిలో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. భాష ఒప్పుకుంటుంది కానీ ఈ గదిలో ఆ మాట నిషేధం. తమ్ముడు పని నేర్చుకునే రోజుల్లో తొందరపడి ఒకసారి రాశాడట. తుడిపించి మొత్తం మళ్ళీ రాయించింది. అది అయ్యేదాకా అన్నానికి లేవనివ్వలేదు.

"అందుకేనా వెళ్ళిపోయింది?"

"అప్పుడు కాదు. చాలా రోజులకి, ఇంకో మాట మీద." గళ్ళ గుడ్డ వైపు చూసింది. "పనిలో మాత్రం ఆ మాట మళ్ళీ రాయలేదు. లైబ్రరీ మొదటి పేజీలో ఇద్దరి పేర్లూ ఉంటాయి. నేను తీయలేదు."

ఇక సఫారీ ఆగలేకపోయాడు. ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద పరిచాడు. ఆసుపత్రి కోడ్‌లో దొరికిన దొంగ ముక్క. హెడ్మాస్టరు ఫిర్యాదు చేసిన మర్నాడు ఆసుపత్రి వెబ్‌సైట్ హెడ్డు స్వయంగా తీసి అతని చేతిలో పెట్టాడు. నేను కూడా కాస్త చదువుకుని వచ్చాను మేడమ్ అంటూ సఫారీ మీసం సవరించుకున్నాడు. ఇందులో నాలుగు కొమ్మలున్నాయి, నాలుగింటికీ పేర్లున్నాయి. తక్కినవన్నీ అన్న మాట ఎక్కడా లేదు. ఆసుపత్రిలో ఎవరిని అడిగినా, ఇంత శుభ్రంగా రాసేది ఈ ఇంటి చెయ్యేనని చెప్పారట.

"దొంగతనం కూడా మడి కట్టుకుని చేసిందండీ ఈవిడ," అన్నాడు.

ఆమె కాగితం అందుకుని చదివింది. చిన్న ముక్కే, రెండుసార్లు చదివింది. రెండోసారి కళ్ళు చివరి వరుస మీద ఆగిపోయాయి. ముఖంలో వెలుగు పోయింది. దొంగలు ఆర్పేసుకుంటారని ఇందాక చెప్పాను కదా, ఈసారి ఆమే ఆర్పేసుకుంది. కాగితం జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టింది.

"నేనే రాశాను," అంది.

కింద వంటింట్లో గిన్నె చప్పుడు వినబడుతోంది. సఫారీ అప్పటికే ఫోన్ తీశాడు. అర నడిపేవాళ్ళకు, పోలీసులకు ఇద్దరికీ ఒకేసారి కబురు పెట్టే ఉత్సాహంలో ఉన్నాడు. ఫోన్ జేబులో పెట్టండి అన్నాను. ఎందుకు పెట్టాలన్నాడు. ముద్దాయి ఒప్పుకున్నాక కూడా నీకేం కావాలి, ఓడిపోయానని ఒప్పుకోవడానికి అంత కష్టంగా ఉందా అని కూడా అన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో ఉండగా కూడా ఇంతే, కోపం వస్తే మీరు కాస్తా నువ్వు అయిపోతుంది. నాకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"ఒక్క నిమిషం నాకు పాఠం చెప్పండి. చదువుకుని వచ్చానన్నారుగా," అన్నాను. "ఆ కాగితం ప్రకారం గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలి?"

"ఏమీ చేయకూడదు."

"తప్పుగా ఉంటే?"

"ఏమీ చేయకూడదు."

"మనిషి ఇంకా టైపు చేస్తూ ఉంటే?"

"ఏమీ చేయకూడదు. పూర్తిగా, సరిగ్గా రాశాకే ఒక కాపీ బయటికి పంపాలి. అదే కదా దొంగతనం."

"మరి హెడ్మాస్టరు మొలలు అన్న మాట పూర్తిచేసి పంపాడా, రాస్తూ రాస్తూ చెరిపేశాడా?"

సఫారీ తెలివితక్కువవాడు కాదు. తొందరెక్కువ, అంతే. కాగితం లాక్కుని మళ్ళీ చదివాడు. ఈసారి నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివాడు. ఈ కాగితంలో ఉన్న కోడ్ నడుస్తూ ఉంటే హెడ్మాస్టరు చెరిపేసిన మాట బయటికి పోనే పోదు. పెద్దాయన పరువు దక్కేది, కేసే ఉండేది కాదు. దొంగతనం చేసిన ముక్క వేరు, ఇతని చేతిలో పెట్టిన ముక్క వేరు.

నేను చెప్పేలోపే ఆమె అందుకుంది. తల దించుకుని ఉన్న మనిషి ఒక్కసారి బల్ల దగ్గరికొచ్చింది. అసలు ముక్కలో రెండు పేర్లే ఉండి ఉంటాయంది. ఖాళీ అయితే ఏమీ వద్దు, తప్పైతే ఏమీ వద్దు, తక్కినవన్నీ పంపు. మూడే స్థితులున్న రోజుల్లో రాసినవాడికి తక్కినదంటే సరైనదొక్కటే. దొంగతనం చడీచప్పుడూ లేకుండా సాగింది. పోయిన నెల ఈమె నాలుగోది చేర్చగానే ఊళ్ళో అందరి కంపైలర్లూ గోల చేశాయి. ఆ ఒక్క ముక్క మాత్రం కిక్కురుమనలేదు. మనిషి రాస్తూ ఉన్నదంతా కూడా తక్కినవాటి కిందే పోయింది. హెడ్మాస్టరు సిగ్గుతో సహా.

"నాలుగో స్థితిని పుట్టించింది నేను," అంది. మాటల్లో ఇందాకటి నిబ్బరం తిరిగొచ్చింది. "నేనే దాన్ని మరిచిపోయి వదిలేస్తానా? నా లైబ్రరీయే దొంగను పట్టించింది సార్. మీరు దానికి తాళం వేయిస్తున్నారు."

సఫారీ కుర్చీలోంచి లేచాడు. అతని లెక్కలో అది పెద్ద క్షమాపణ. లేచి, మరి నేనే రాశానని ఎందుకన్నారు అని మామూలు గొంతుతో అడిగాడు.

ఆ జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. నాకు కోడ్ రాదు కానీ చూపు ఉంది. ఇందాక ఆమె తెర మీద చూపించిన కోడ్‌లో ఎక్కడ చూసినా 'సరైనది' అన్న కొమ్మ మొట్టమొదట ఉంది. ఈ కాగితంలో అది అన్నిటికంటే చివర ఉంది. ఆమె కళ్ళు ఆగిపోయింది అక్కడే. ఒకే బడిలో చదివిన ఇద్దరి చేతిరాత ఎంత దగ్గరగా ఉన్నా, అక్షరం ముగించే తీరు ఎవరిది వాళ్ళదే.

"తమ్ముడిదేనా?" అన్నాను.

"మంచి మాట చివర చెప్పాలక్కా అనేవాడు," అంది. "ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్కటీ మార్చుకోలేదు. చూడగానే గుర్తుపట్టాను. వాడిని పోలీసుల చేతికిచ్చి నేను నా పేరు కాపాడుకోవాలా? పోతే పోయింది అనుకున్నాను." రెండో బల్ల దగ్గరికెళ్ళి గళ్ళ గుడ్డ సరిచేసింది. "ఇంకో సంగతి చెప్పనా, నవ్వకండి. చదువుతున్నంతసేపూ, ఎంత బాగా రాశాడు అనే అనిపించింది."

నవ్వలేదు నేను. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఇప్పుడు అక్కగా కాక పనిమంతురాలిగా జవాబు చెప్పమన్నాను. మీ తమ్ముడు రాసింది రెండు ముక్కల్లో ఏది? తక్కినవన్నీ అని ఉన్న మురికి ముక్కా, నాలుగు పేర్లతో ఉన్న శుభ్రమైన ముక్కా?

ఆమెకు అర్థమవడం నేను కళ్ళారా చూశాను. దొంగ ముక్క తమ్ముడు రాయలేడు. ఈ గదిలో అన్నం మాని నేర్చుకున్న పాఠం అది. ఫిర్యాదు వచ్చిన రోజు ఎవరో అతన్ని పిలిచి, ఈ ముక్క సగం సగం మాటలు పంపేస్తోంది, సరిచెయ్యి అని ఉంటారు. దాన్లో పంపు అని ఉంటుందే గాని ఎక్కడికి అని ఉండదట. ఆసుపత్రి రికార్డులకే అని చెబితే నమ్మేస్తాడు. చేతికి పని దొరికితే ముందు దాన్ని శుభ్రం చేయడం అక్కాతమ్ముళ్ళిద్దరి జబ్బూనూ. అతను మురికి తుడిచి, నాలుగు కొమ్మలూ పేరుపేరునా రాసి, మంచి మాట చివర పెట్టి ఇచ్చి ఉంటాడు. మర్నాడే ఆ కాగితం సఫారీ చేతికొచ్చింది.

"నాకు ఇచ్చింది హెడ్డు," అన్నాడు సఫారీ నెమ్మదిగా. "సరిచేయమని పురమాయించగలిగిందీ హెడ్డే. ఈవిడ పేరు ముందు నా చెవిన వేసింది కూడా ఆయనే."

"దొంగ ముక్క అసలు ఎలా ఉండేదో కళ్ళతో చూసినవాళ్ళు ఇద్దరే. రాసినవాడు, తుడిచినవాడు," అన్నాను.

ఆమె అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళుగా మాటల్లేని అక్కకు ఆ నంబరు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. స్పీకర్ పెట్టమన్నాను. రెండో రింగుకే ఎత్తాడు. కారు చప్పుడు వినబడుతోంది.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్నాను," అన్నాడు. గొంతు నిండా సంతోషం. "పొద్దున అత్తయ్యగారు ఫోన్ చేసి అంతా చెప్పారు. నువ్వేం భయపడకు. ఆ ముక్క నేను దిద్దకముందు వేరేలా ఉండేది. తక్కినవన్నీ అని రాసి ఉంది అక్కా, నవ్వొచ్చింది నాకు. పాత కాపీ నా దగ్గర భద్రంగా ఉందని ఇప్పుడే మా సార్‌కి చెప్పాను."

"ఏ సార్‌కిరా?"

"మా హెడ్డు గారికి. ఆయన చాలా సంతోషించారు. ఇప్పుడు ఆయన కార్లోనే మా రూముకి వెళ్తున్నాం. ఆ కాపీ ఇచ్చేస్తే సాయంత్రంలోగా నీ పేరు మీద మచ్చ లేకుండా చూస్తానన్నారు. ముందే ఎవరికీ చెప్పొద్దన్నారు కానీ, నీకు చెప్పకపోతే ఎలా?"

ఆ వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది. పెద్దమనిషి గొంతు, తొందరేమీ లేదు. ఫోన్ ఇలా ఇవ్వు బాబూ అంది. ఆ తరువాత లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

సఫారీ కారు తాళాలు తీసి అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. పదండి మేడమ్ అన్నాడు. నేను డిపార్ట్‌మెంట్‌లో ఇంకా మాట చెల్లే ఒక శిష్యుడికి ఫోన్ కలిపి, హెడ్డు ఇంటి దారీ తమ్ముడి రూము దారీ చూడమని చెబుతూ దిగాను. అత్తగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కోడలి ముఖం చూసి పక్కకు జరిగి, తలుపు బార్లా తీసి పట్టుకుంది.

కారు కదిలాక నేను వెనక సీట్లో ఉన్న ఆమె వైపు తిరిగాను. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదే చెబుతాను. హెడ్డుకు కావాల్సింది ఆ కాపీ పోవడమేనన్నాను. బెదిరిస్తాడు. మీ తమ్ముడు భయపడి చెరిపేస్తే మన కేసు బలహీనమవుతుంది కానీ, అతను మాత్రం క్షేమంగా బయటపడతాడు. చెరిపేస్తాడులెండి, ప్రాణం కంటే ఎక్కువా అన్నాను.

ఆమె జవాబిచ్చినప్పుడు ఆ గొంతులో మేడ మీది గదిలో విన్న గర్వం అలాగే ఉంది. దాని కింద నేను ఇంతవరకు వినని భయం ఉంది.

"చెరపడండీ," అంది. "ఏం జరిగినా పాతదాన్ని చెరపకూడదని వాడికి నేర్పింది నేనే."